చప్పుడు లేని పేట

చెన్నై పటం చూస్తే అది ఊరిలా కనబడదు. ఎవరో సాంబారు గిన్నె ఎత్తబోయి నేల మీద జారవిడిచినట్టు కనబడుతుంది. ఎక్కడిదాకా పాకిందో దానికే తెలియదు. ఆ సాంబారులో మేము ఏ ముక్క పక్కన సర్దుకోవాలన్నది ఎండాకాలం మొదలైనప్పటినుంచీ మా ఇంట్లో గొడవ.

మేము అంటే ముగ్గురం. నేను క్రీస్తురాజుని, కోట మండలంలో రొయ్యల రైతుని. నా భార్య అబిగయీలు నర్సు. మా అమ్మాయి కెజియా పదో తరగతి పాసై, ఇప్పుడు మా ఇద్దరికీ మార్కులు వేసే పనిలో ఉంది.

అబిగయీలుకి చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రిలో పెద్ద నర్సు ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి. ఇన్నేళ్లూ చిన్న చిన్న ఆసుపత్రుల్లో, చిన్న చిన్న డాక్టర్ల పెద్ద పెద్ద కోపాలు భరించిన మనిషి. ఆ కబురు విన్న రోజు నేను ఉండబట్టలేక, "కోటలో రాణివి, కోట దాటుతున్నావే!" అన్నాను.

"ముందు నువ్వు గట్టు దాటు," అంది.

గట్టంటే రొయ్యల గుంట గట్టు. పంట ఉన్నన్నాళ్లూ నా పడక ఆ గట్టు మీది రేకుల షెడ్డులోనే. గుంటలో ఏరేటర్లు తిరుగుతుంటాయి, నీళ్లు చిలుకుతూ, రేయింబవళ్లు, లారీ ఎత్తు ఎక్కుతున్నంత రొదతో. అవి తిరిగితేనే నీళ్లలో గాలి, గాలి ఉంటేనే రొయ్య. ఒక పంట తీసి, గుంట ఎండబెట్టి, మళ్లీ రొయ్య పిల్లను వదిలే మధ్యలో ఏవో కొన్నాళ్లు ఇంటికి వస్తాను. వచ్చినా స్థిమితంగా కూర్చోనని అబిగయీలు ఫిర్యాదు. కూర్చోలేనని నా మనవి.

ఇల్లు వెతికే బాధ్యత ఫ్రెడ్డీది. అబిగయీలు తమ్ముడు. చెన్నైలో ఏసీలు బిగిస్తాడు కాబట్టి ఆ ఊళ్లో ఏ పేటలో ఏ గోడ ఎంత మందమో వాడికి తెలుసు. అబిగయీలు వాడికి రెండు షరతులు పెట్టింది. ఆసుపత్రికి ఒక్క బస్సులో పోవాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవాలి గనుక వీధిలో చప్పుడు ఉండకూడదు. నా షరతు ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు, ఎందుకంటే అప్పటికి నాకూ తెలియదు.

వాడు ఫోన్లో ఒక్కో పేట పేరు చెప్పడం, నేను దాన్ని అక్కడికక్కడే పూడ్చిపెట్టడం.

"పోరూరు చూద్దామా బావా?"

"ఇంట్లో పోరు చాలదని ఊరి పేరులో కూడానా? వద్దు."

"వేళచ్చేరి?"

"ఆ ట్రాఫిక్కులో ఏ వేళకి చేరేది? వద్దు."

"అయనావరం బాగుంటాది బావా. మన తెలుగోళ్లు జాస్తి."

"ఆయన వరం ఇచ్చినాడు సరే, ఆమె శాపం పెడితేనో?"

"పోనీ ఆవడి?"

"ఆవిడనే అడుగు."

వాడు నిజంగానే ఆవిడను అడిగాడు. ఆవిడ సరేనంది. ఇక తప్పక ఆవడికి పోయాం. శుభ్రమైన ఇల్లు. గుమ్మం లోపల అడుగుపెట్టగానే నా కాళ్లలో చీమలు పాకడం మొదలైంది. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి మేడ మీదికి, మేడ మీదినుంచి వీధిలోకి తిరిగాను. ఎందుకో చెవుల్లో దూది పెట్టినట్టుంది. "పడమటి ఎండ కొడతాది, వద్దు," అన్నాను. కెజియా ఫోన్లో దిక్కులు చూసి, "నాన్నా, ఇది ఉత్తరం," అంది. "అయితే చలి కొడతాది," అన్నాను.

మరునాడు అబిగయీలు అన్నం క్యారియరు తీసుకుని స్కూటీ మీద గట్టుకే వచ్చింది. క్యారియరు నా చేతికి ఇవ్వలేదు. స్కూటీ హ్యాండిలుకే ఉంచి, ఏరేటర్ల రొదలో గొంతు పెంచి అడిగింది.

"ఏమయ్యా, నీకు మాతో రావాలని ఉండాదా, లేదా?"

"ఉండాది."

"మరి చూసిన ప్రతి ఇంటికీ పేరు పెట్టి తిప్పి పంపతా ఉండావే?"

"పేర్లు నేను పెట్టలా. ఆ ఊర్లకి ముందే ఉండాయి."

"ఇదిగో, ఇదే. ఈ మాటలే వద్దనేది. శనివారం కొళత్తూరులో ఇల్లు చూస్తాం. ఫ్రెడ్డీ చూసినాడు, నేను వీడియోలో చూసినా. దాన్ని కూడా నీ మాటల్తో తిప్పి కొట్టినావంటే నేనూ కెజియా పోతాం. నువ్వు ఈడనే ఉండు. గుంటలు పెంచలకృష్ణకి కౌలుకి కూడా ఇయ్యబాక."

పెంచలకృష్ణ పక్క గుంట రైతు, నా స్నేహితుడు, మేము పోతే మా గుంటలు కౌలుకి చేస్తానన్నవాడు. మేత బకెట్టు పట్టుకుని అటే వస్తున్నవాడు, తన పేరు విని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

"పెళ్లయిన కాడినుంచి నువ్వు కాపరం నాతో చేసినావా, రొయ్యల్తో చేసినావా?" అంది అబిగయీలు.

"వాటితో చేసింది కాపరం కాదే, కాపలా."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేది. క్యారియరు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అందులో పులుసు ఉంది, పలుకు లేదు.

శనివారం ఫ్రెడ్డీ కారు తెచ్చాడు. కొళత్తూరు ఇల్లు నిజంగా కొలత పెట్టి కట్టినట్టుంది. మేడ మీద రెండు గదులు, హాలు, వేపచెట్టు నీడ, వీధి చివర తెలుగు ఆరాధన జరిగే చర్చి. ఇంటావిడ వాణి గారు కింద ఉంటారు. పుట్టి పెరిగింది చెన్నైలోనే అయినా ఇంట్లో మాట తెలుగే. ఆమె మాట మెత్తన, పద్ధతి గట్టిది. మనిషి లేని చోట ఫ్యాను తిరగకూడదు, లైటు వెలగకూడదు. డాబా మీద సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టుకుంటే అటు పోకూడదు. అబిగయీలు అన్నిటికీ తల ఊపింది. వీధిలో చప్పుడన్నదే లేదు. మిట్టమధ్యాహ్నం కుక్క కూడా పక్క వీధికి పోయి మొరిగొచ్చేలా ఉంది.

"బావా, ఏమంటావు?" అన్నాడు ఫ్రెడ్డీ భయంగా.

"బాగుండాది," అన్నాను. నిజంగా బాగుంది. అబిగయీలు నా వైపు చూసిన చూపుకి, ఇంకో రెండు సార్లు అన్నాను.

బస్సు స్టాపు ఎంత దూరమో నడిచి చూస్తామని అబిగయీలు, కెజియా, ఫ్రెడ్డీ వెళ్లారు. నేను హాల్లో వాణి గారు పరిచిన చాప మీద కూలబడ్డాను. పైన పాతకాలపు ఫ్యాను. కరకరమంటూ, గుడగుడమంటూ, ప్రతి చుట్టుకీ ఒకసారి మూలుగుతూ తిరుగుతోంది. ఆ మూలుగు వింటూ ఎప్పుడు కన్ను మూసుకుందో తెలియదు. ఆ మహానగరంలో నాకు పట్టిన మొదటి నిద్ర అది.

వాణి గారు లోపలికి వచ్చారు. నిద్రపోయిన మనిషిని ఉన్న మనిషి కింద లెక్క వేయాలా, లేని మనిషి కింద వేయాలా అని ఆలోచించి ఉంటారు. లేని మనిషి కింద వేసి ఫ్యాను ఆపేశారు.

చప్పుడు ఆగింది.

అంతే, నేను లేచాను. లేచానని కూడా అనకూడదు, ఎగిరాను. "కరెంటు పోయింది! జనరేటరెయ్యండ్రా! రొయ్య తేలతాది!" అని అరుస్తూ, చెప్పుల్లేకుండా మెట్లు దిగి, కింద మీటర్ల పెట్టె దగ్గర కనబడిన పెద్ద స్విచ్చి పైకి నెట్టాను. ఎక్కడో గుర్రుమని మోటారు అందుకుంది. ఆ చప్పుడు చెవిన పడగానే గుండె కుదుటపడింది. ప్రాణం లేచొచ్చినట్టై ఆ మెట్టు మీదే కూర్చుని, గోడకి తల ఆనించి, మళ్లీ నిద్రపోయాను.

అది నీళ్ల ట్యాంకు మోటారు. వాణి గారు ట్యాంకు పొద్దున్నే నింపి పెట్టుకున్నారు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి నా ఎదురుగా అబిగయీలు, కెజియా, ఫ్రెడ్డీ నిలబడి ఉన్నారు. వెనక వాణి గారు నెత్తి మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. ట్యాంకు పొంగి, డాబా నిండి, మెట్ల మీదుగా నీళ్లు దిగుతున్నాయి. ఆ నీళ్లలో వడియాలు ఒకదాని వెంట ఒకటి ఈదుకుంటూ దిగుతున్నాయి.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"వడియాలు కాబట్టే ఇంత వడిగా వస్తున్నాయి," అన్నాను.

వాణి గారు మెత్తగానే చెప్పారు. "మీకు ఈ ఇల్లు సరిపడదండీ. వేరే చోట చూసుకోండి."

తిరుగు ప్రయాణంలో కారు తడ దాటింది, సూళ్లూరుపేట దాటింది, మాట అబిగయీలు పెదవి దాటలేదు. నాయుడుపేటలో టీ కోసం ఆగాం. గ్లాసు పట్టుకుని, నా వైపు చూడకుండా అంది.

"కావాలనే చేసినావు."

"కాదే. నిద్రలో చేసినా. ప్రభువు సాక్షి."

"ఆయన్నెందుకు మధ్యలోకి లాగతావు? నిద్రలో చేసినావా? జోకు కూడా నిద్రలోనే ఏసినావా?"

ఫ్రెడ్డీ ఏదో అనబోయి టీలో బిస్కెట్టు జారవిడుచుకుని, దాన్ని వెతకడంలో మునిగిపోయాడు.

ఇంటికి వచ్చాక ఆమె పెట్టెలు దించింది. తనదొకటి, కెజియాదొకటి. మూడోది అటక మీదే ఉండిపోయింది. తను నర్సుల హాస్టల్లో ఉంటుంది, పిల్ల ఫ్రెడ్డీ ఇంట్లో ఉంటుంది. నాతో చెప్పలేదు, ఫోన్లో ఫ్రెడ్డీతో చెబుతుంటే విన్నాను. నేను ఇంట్లో ఆ గదికీ ఈ గదికీ తిరిగాను, వాకిట్లోకి పోయాను, వచ్చాను. ఎటు పోయినా తెరిచి ఉన్న పెట్టె కనబడుతోంది. ఇక పడలేక గట్టుకి పోయాను.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది కెజియా చెప్పగా తెలిసింది. బట్టలు మడత పెడుతూ అది వాళ్లమ్మతో, "అమ్మా, ఒక మాట. ఆ వాణి ఆంటీ నాతో ఏమన్నదో తెలుసా? మీ నాన్న రొయ్యలు రొయ్యలని అరుచుకుంటా పోయినాడమ్మా, ఆయనకి రొయ్యలంటే అంత ఇష్టమా, అని అడిగింది," అన్నదట. అబిగయీలు మడత పెడుతున్న చీర చేతిలోనే ఆగిపోయిందట. "రొయ్యలనా? కరెంటు అనలేదా?" "రెండూ అన్నాడంట."

సోమవారం మధ్యాహ్నం నేను షెడ్డులో పడుకున్నాను. మేత చల్లే వేళకి ఏరేటర్లు కాసేపు ఆపడం మాకు అలవాటే. ఆపకపోతే మేత మూలలకి కొట్టుకుపోతుంది. అయితే ఆపేది నేను, లేదా నాకు చెప్పి పెంచలకృష్ణ. ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

నాకు తెలిసిందల్లా రొద ఆగడం. లుంగీ ఎగ్గట్టుకుని, "జనరేటరు! జనరేటరు! రొయ్య తేలతాది!" అని అరుచుకుంటూ గట్టు మీద సగం దూరం పరిగెత్తాక, స్టార్టరు పెట్టె పక్కన అబిగయీలు కనబడింది. ఒక చెయ్యి స్విచ్చి మీద ఉంది. పెంచలకృష్ణ మేత బకెట్టుతో ఆమె పక్కనే నిలబడి, నవ్వాలో వద్దో తెలియక మూతి బిగబట్టుకుని ఉన్నాడు.

"నేనేం జేసేది అన్నా," అన్నాడు. "అక్క ఆపమనింది. మేత టైమే గదాని ఆపినాం."

అబిగయీలు నా మణికట్టు పట్టుకుంది. పెళ్లి రోజు పట్టుకున్నట్టు కాదు, వార్డులో పట్టుకున్నట్టు. నాడి చూస్తూ, పెదాలు కదుపుతూ, గుంట వైపు చూసింది. చాలాసేపటికి వదిలింది.

"ఎన్నాళ్లనుంచి ఇట్టా?"

"ఎట్టా?"

"చప్పుడు ఆగితే లేచి ఉరకటం."

"అందరం అంతేనే. ఈ గట్ల మీద పండుకునే వాళ్లెవర్నన్నా అడుగు. చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టు. లేచి జనరేటరు ఎయ్యకపోతే పొద్దునకి గుంటంతా రొయ్య చచ్చి తెల్లగా తేలి ఉంటాది. ఒకసారి చూసినోడు ఇంక మళ్లా నిశ్శబ్దంలో నిద్రపోడు."

"అవునక్కా," అన్నాడు పెంచలకృష్ణ. "నేను మా అత్తోళ్లింటికి పోతే టేబుల్ ఫ్యాను పట్టుకోని పోతా. గాలికి గాదు, గోలకి."

అబిగయీలు మేత బస్తా మీద కూర్చుంది. "ఇన్నేళ్లూ నువ్వు ఇంటికొస్తే నా దగ్గర ఉండబుద్ధి గాక తిరగతా ఉండావనుకున్నా," అంది. గట్టిగా అనలేదు. ఏరేటర్లు ఆగి ఉన్నాయి గనుక వినబడింది.

పెంచలకృష్ణ మేత చల్లడానికి వెళ్లాడు. నేను ఆమె పక్కన ఇంకో బస్తా మీద కూర్చున్నాను.

"ఇప్పుడేం చేద్దాం?" అంది. "రాత్రంతా డ్యూటీ జేసి వొచ్చి నేను పండుకోవాలంటే చప్పుడు లేని పేట కావాల. నీకు చప్పుడు ఉంటేగాని కన్ను మూతపడదు. అంత పెద్ద ఊళ్లో మనిద్దరం కలిసి ఉండే పేట యాడుండాది?"

ఊరు పెద్దదే. ప్రశ్న ఇంకా పెద్దది.

ఫ్రెడ్డీకి సంగతి చెబితే, వాడు ముందు పడి పడి నవ్వి, తర్వాత వాడి వృత్తికి తగ్గట్టు చల్లటి ఆలోచన చేశాడు. పెరంబూరులో ఒక ఇల్లు చూశాడు. పొడుగాటి ఇల్లు. ముందు గది బస్సుల రోడ్డు మీదికి, వెనక గది పెరట్లోకి. మధ్యలో బరువైన టేకు తలుపు. తలుపు వేస్తే ఇటు గోల అటు పోదు.

చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. "పెరంబూరులో పెరడు! ఇంక బేరం కుదిరినట్టే. ముందు గది నాది, ఎనక గది నీది. నాకు బస్సులు, నీకు పస్సులు లేని నిద్ర!" అన్నాను. పస్సులంటే ఏమిటో నాకూ తెలియదు, ప్రాస కోసం వచ్చాయి. కెజియా కళ్లు తిప్పింది. ఫ్రెడ్డీ తన చెయ్యి తనే పట్టుకుని ఊపుకున్నాడు.

అబిగయీలు ముందు గది చూసింది. వెనక గది చూసింది. మధ్య గుమ్మంలో ఆగి టేకు తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇది ఏసుకోవాలన్న మాట."

"ఏసుకుంటే నీకు చీమ చప్పుడు కూడా రాదు," అన్నాను.

"నువ్వు అవతలా, నేను ఇవతలా."

"ఆఁ."

"అంటే మళ్లా గట్టు మీదికే పోతావు. కోటలో కాదు, చెన్నైలో. గుంట బదులు బస్సులు."

రోడ్డు మీద ఒక బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

"ఇల్లు నచ్చలేదా అక్కా?" అన్నాడు ఫ్రెడ్డీ.

"ఇల్లు బాగుండాదిరా. మమ్మల్ని పంచిన తీరే బాగలేదు," అని ఆమె మెట్లు దిగింది. కారు ఎక్కాక కళ్లు మూసుకుంది. హాస్టలు వాళ్లకి రేపు ఫోన్ చేస్తానని కెజియాతో అంది. నేను కిటికీలోంచి ఆ ఊరిని చూశాను. వెనక్కి పోతున్న పేటలన్నీ నేను మాట విసిరి తోసిపుచ్చినవే అనిపించింది. ఇంకొక్క మాట విసిరితే చాలు, నేను మళ్లీ నా షెడ్డులో ఉంటాను. హాయిగా నిద్రపోతాను. ఆమె తన హాస్టల్లో హాయిగా నిద్రపోతుంది. ఇద్దరం ముసలివాళ్లమయ్యేదాకా హాయిగా విడివిడిగా నిద్రపోతాం.

ఫ్రెడ్డీ అద్దంలో నన్ను చూసి, "బావా, దోవలో మాధవరంలో ఒకటి ఉండాది. చిన్నది. మీకు నచ్చదులే, చెప్పకూడదనుకున్నా," అన్నాడు.

"అటే పోనీ," అన్నాను.

సందు చివరి ఇల్లు, మేడ మీద. ఒకటే పడకగది, ఒక హాలు. కెజియాకి హాలు ఇచ్చుకోవాలి. పిట్టగోడ మీద కాకి నడుస్తుంటే దాని గోళ్ల చప్పుడు వినబడుతోంది. అంత నిశ్శబ్దం. లోపల అడుగుపెట్టగానే కాళ్లలో చీమలు బయలుదేరాయి. చెవుల్లో దూది కూరుకుంది. ఒళ్లంతా, ఎక్కడో ఏదో తేలుతోంది, లేచి ఉరుకు, లేచి ఉరుకు అంటోంది.

ఫ్రెడ్డీ నా నోటి వైపే చూస్తున్నాడు. మాధవరం మీద ఏం వస్తుందోనని కెజియా కూడా చూస్తోంది. అబిగయీలు చూడటం లేదు. గోడకి ఆనుకుని, చెప్పులోంచి కాలు తీసి మడమ ఒత్తుకుంటోంది. ఆమె ఇంక నన్ను అడగదని అర్థమైంది.

"ఇది తీసుకుందాం," అన్నాను.

"ఏంది?" అంది అబిగయీలు.

"ఇదే. ఈ ఇల్లే."

"ఈడ నీకు నిద్ర పట్టదు."

"పట్టకపోతే మేలుకోని ఉంటా. నువ్వు డ్యూటీ నుంచి వొచ్చేతలికి తలుపు తీసేదానికి ఒక మనిషి ఉండాల గదా."

"ఎన్నాళ్లు మేలుకుంటావు?"

"తెలవదు. నువ్వు పక్కన పండుకుంటే చూద్దాం. నువ్వు గురక పెట్టవు, అదొక్కటే నీలో లోపం."

ఆమె నవ్వలేదు. కాలు చెప్పులో పెట్టుకుని పడకగదిలోకి నడిచింది. నేను వెంట వెళ్లాను. కిటికీ తెరిచి మూసింది, తలుపు తెరిచి మూసింది, మంచం ఎటు పడుతుందో చేతులు చాచి కొలిచింది.

"మంచం ఈ మూలకి. గోడకి ఆనించాల. నువ్వు గోడ పక్క, నేను తలుపు పక్క."

"నన్ను మూలకి తోస్తే ఎట్టామే? నిద్రలో లేస్తే నేను పరిగెత్తేదానికి దోవ ఉండొద్దా?"

"ఉండాది," అంది అబిగయీలు. "నన్ను దాటుకోని పో."

హాల్లో ఫ్రెడ్డీ గొంతు సవరించుకుని, ఇంటివాళ్లతో మాట్లాడొస్తానని కిందికి దిగాడు.